మడత దాటిన గీతలు

రోబో చేతిలోని పెన్ను ఆగింది. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ప్రయోగశాలలో మధ్యాహ్నపు నిద్ర నుంచి లేచిన చిత్రకారిణి విశారద, తలకున్న టోపీ తీసి మడత కాగితం వైపు చూసింది. పక్క గదిలోంచి డాక్టర్ ప్రభుదాస్ కళ్ళు నులుముకుంటూ వచ్చి మడత విప్పాడు.

పై సగం ఆమె కల. కింది సగం ఆయన కల. రెండూ అతుకు తెలియకుండా కలిసిపోయాయి. విశారద కాగితాన్ని చేతిలోకి లాక్కుంది.

ఈ యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి. వెనకటికి యూరప్‌లో సర్రియలిస్టులనే చిత్రకారులు ఒక ఆట ఆడేవారు. ఒకరు బొమ్మ తల గీసి కాగితం మడిచేస్తే, అది చూడకుండా ఇంకొకరు మిగతాది గీయాలి. బుద్ధి పక్కకి తప్పుకుంటే మనసు తన అసలు రంగు బయటపెడుతుందని వాళ్ళ నమ్మకం. ప్రభుదాస్ ఆ ఆటలోంచి చేతుల్ని కూడా తప్పించాడు. నిద్రలో మెదడు చూసే బొమ్మను టోపీలోని సెన్సర్లు చదువుతాయి, రోబో చేయి గీస్తుంది. కింది సగానికి మనుషులెవరూ దొరక్క తనే పడుకునేవాడు. పాపం, ఆయనకు కలలో కూడా కుర్చీ కాళ్ళు, స్టూలు కాళ్ళు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. ఆమె కలలోని మబ్బుతల ఏనుగు కింద ఆ స్టూలు చూసి ఎగ్జిబిషన్‌లో జనం పడీ పడీ నవ్వేవారు.

ఇవాళ స్టూలు లేదు. పై సగంలో తడిసిన రెయిన్‌కోటు తొడుక్కున్న మనిషి. ముఖం లేదు, చేతిలో తాళంచెవి ఉంది. కింది సగంలో అతని బూట్లు, మెట్లు. ఒక మెట్టుకి మూల విరిగి ఉంది. అవి విశారద ఇంటి మెట్లు. ప్రభుదాస్ ఎన్నడూ ఆ ఇంటి ఛాయలకు వెళ్ళలేదు.

ఆ మనిషి చిన్నప్పటి నుంచీ ఆమె కలలోకి వస్తున్నాడు. నడుము దాకా కనబడేసరికి ఉలిక్కిపడి లేచేది. అతనికి జడిసే తలుపుకి గొలుసూ గొళ్ళెమూ రెండూ పెట్టించుకుంది. వాన పడుతుంటే అయినవాళ్ళు వచ్చినా తలుపు తీసేది కాదు. ఆమెకు పేరు తెచ్చిన ముఖంలేని బొమ్మలన్నీ ఆ భయంలోంచే పుట్టాయి.

యంత్రాన్ని ఏం చేశారని ఆమె నిలదీసింది. గీతలు మడత దగ్గర కలవడం లేదని ఎగ్జిబిషన్‌లో ఎవరో సణిగారట. కలవకపోవడమే ఆ ఆటకి అందమని ఎవరు చెప్పినా, ప్రభుదాస్‌కి అతుకు కనిపిస్తే మనసొప్పదు. ఆమె టోపీ నుంచి తన టోపీకి ఒక తీగ కలిపాడు.

"గీతల కొసలే పంపానండీ," అన్నాడు.

"కలకి కొస ఎక్కడుంటుంది డాక్టరుగారూ?"

తీగ పీకేయమంది. ఆయన బతిమాలాడు. కలంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసిందనీ, ఇంకొక్కసారి పడుకోమనీ అడిగాడు. విశారదకు లోపల ఇంకో ఆశ పుట్టింది. ఆ మనిషి తీగ వెంట అటే పోతే పీడా పోతుంది కదా అనుకుని టోపీ పెట్టుకుంది.

ఈసారి కాగితం పై సగం ఖాళీ. కింది సగంలో బూట్లు ఇంకొంచెం పై మెట్టు మీదున్నాయి. ఆమె మాత్రం పసిపాపలా నిద్రపోయింది.

ఆ తర్వాత విశారద బొమ్మల్లో మామిడిపళ్ళు, పూలకుండీలు తప్ప ఏమీ రాలేదు. అందుకు ఆమె బాధపడలేదు. గొలుసు తుప్పుపట్టింది. గొళ్ళెం వేయడం కూడా మరిచిపోసాగింది.

ముసురు పట్టిన ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. ఎవరని కూడా అడక్కుండా తీసింది. ప్రభుదాస్. రెయిన్‌కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కోటు టోపీ నీడలో ముఖం కనబడటం లేదు. చేతిలో తాళంచెవి.

"కునుకు పట్టిందంతే, కళ్ళు తెరిచేసరికి మీ మెట్ల మీదున్నాను," అన్నాడు. "ఈ తాళంచెవి నేనెప్పుడు చేయించానో తెలీదు. నాకు భయంగా ఉందమ్మా. తలుపేసుకోండి. గొలుసు కూడా పెట్టుకోండి."

విశారదకు ఆయన మీద జాలేసింది. నవ్వుతూ తలుపు బార్లా తెరిచి పక్కకి జరిగింది.

"ఇంత వానలో ఎక్కడికి పోతారు? లోపలికి రండి," అంది.