బోల్టు కింద ఉప్పు

“ఫిన్నీ శవం దొరికింది నెల్లిమర్ల దగ్గర. ప్రాణం పోయింది మాత్రం నౌపడ ఉప్పు మడుల్లో. ఊపిరితిత్తుల నిండా ఉప్పునీళ్ళే,” అన్నాడు బ్యూరో చీఫ్ జగన్నాధం. “అక్కణ్ణుంచి ఇక్కడికి మోసిన కారు కావాలి నాకు.”

ఏజెంట్ పృథ్వీరాజ్‌కి ఆ కారు నడిపిన మనిషి కావాలి. తోటి ఏజెంట్ ఫిన్నీ, అతనూ ఎనిమిదేళ్ళు ఒకే కంచంలో తిన్నారు. సమాధి దగ్గర ఫిన్నీ తల్లి జ్ఞానసుందరి అతని చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. “నా కొడుకుని ముంచినోళ్ళ పేరు సెప్పు బాబూ. పేరు తెలీకుండా నానెవుల్ని తిట్టుకోను?”

పృథ్వీ అనుమానం ఒక్కరి మీదే. ఝాన్సీ. తూర్పు తీరం రాడార్ కోడ్స్ కాజేసిన విదేశీ ముఠాలో ఉంటూ, బ్యూరోకి రహస్యాలు అందించే అందగత్తె. ఆమెను ముఖాముఖి చూసినవాడు ఫిన్నీ ఒక్కడే. అతను పోయాక ఆమె మెసేజ్ పంపింది. నెల రోజులుగా విజయనగరం దాటలేదట. కోడ్స్ ఉన్న చిప్‌ని శుక్రవారం బ్యూరోకి అప్పగిస్తుందట. చీఫ్ నమ్మాడు. పృథ్వీ నమ్మలేదు.

ఆమె ఫోన్ మీద నిఘా పెడితే తెలిసింది ఒక్కటే. కారు స్టీరియోలో ఏదో రొద. మూడు షాపులు తిరిగినా పోలేదు. శుక్రవారం పొద్దున్న విజయనగరంలో మోహనకృష్ణ కార్ ఆడియో షాపుకి తెస్తానంది. ఆ షాపులో అప్పటికే నాలుగు రోజులుగా ఒక కొత్త మెకానిక్ పనిచేస్తున్నాడు. మాసిన గడ్డం, గ్రీజు చొక్కా, చేతిలో మల్టీమీటర్. ఆ మీటర్లో మైక్ ఉంది. మైక్ అవతల జగన్నాధం ఉన్నాడు.

పదిన్నరకి తెల్ల కారు వచ్చింది. నల్ల కళ్ళద్దాలతో ఝాన్సీ దిగింది. పదకొండింటికి రేడియోలో ఒక పాట వస్తుందనీ, ఈలోగా రొద పోవాలనీ చెప్పింది. అంత సోకు చేసుకున్న మనిషి ఒక్క పాట కోసం ఇంత కంగారు పడడం పృథ్వీకి వింతగా తోచింది.

ఇంజన్ ఆపితే రొద లేదు. స్టార్ట్ చేస్తే ‘వీ’ మంటోంది, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ గొంతు పెంచుతోంది. అంటే ఆల్టర్నేటర్ కరెంటు ఎక్కడో స్పీకర్లలోకి దూరుతోంది. స్టీరియో నుంచి వచ్చే కేబుళ్ళు ఆంప్లిఫయర్ దగ్గర పీకేశాడు. అయినా పోలేదు. ఇక మిగిలింది ఎర్త్, ఆంప్లిఫయర్‌ని కారు రేకుకి కలిపే వైరు. వైరు లాగాలని చెప్పి వెనక సీట్లు మడిచి, డిక్కీలో కార్పెట్ ఎత్తాడు.

కార్పెట్ పైన షాంపూ వాసన. బాగా కడిగారు. కింద మాత్రం ఎవరూ చూడలేదు. ఎర్త్ బోల్టు తుప్పుపట్టి పొక్కిపోయింది, దాని చుట్టూ తెల్లగా పేరుకుంది ఉప్పు. ఒక పలుకు నాలిక మీద వేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫిన్నీ బట్టల్లోంచి కారిన నీళ్ళు ఇక్కడే ఇంకాయి. పళ్ళ బిగువున ఆ ఉప్పుని కాగితంలో పొట్లం కట్టాడు. రేకు గీకి కొత్త బోల్టు బిగించి, కేబుళ్ళు పెట్టాడు. ఒక్కటి మాత్రం వదులుగా ఉంచి, ఆంప్లిఫయర్‌లో శబ్దం పెంచే గెయిన్ మరని పూర్తిగా తిప్పాడు.

రొద పోయింది. సరిగ్గా పదకొండింటికి స్టీరియోలో పాట రాలేదు, మగ గొంతు వచ్చింది. “రెండింటికి. నౌపడ స్టేషన్. ఎర్ర గొడుగు.” ఫోన్లు నమ్మని ముఠా రేడియోలో కబురు పంపుతోందన్నమాట. చిప్ చేరబోయేది బ్యూరోకి కాదు, ఆ ఎర్ర గొడుగుకి.

డ్రైవర్ సీట్లో కూర్చున్న ఝాన్సీ అద్దంలోంచి డిక్కీ వైపు చూసింది.

“ఎర్త్ పోయిందండి. ఉప్పునీళ్ళు పడ్డాయి. ఎక్కడివండి?” అడిగాడు పృథ్వీ.

“చేపలు తెచ్చాం. ఆ నీళ్ళే.”

“సేపలైతే కార్పెట్ కింద నీసు వాసనుంటాది కదండి. ఇది మడి ఉప్పు.”

ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది. “ఫిన్నీ కూడా ఇలాగే ఎక్కువ అడిగేవాడు,” అంది.

పృథ్వీ వదులు కేబుల్ పీకి, మొనని బొటనవేలితో తాకాడు. కారంతా దద్దరిల్లేలా స్పీకర్లు ఒక్కసారి గర్జించాయి. ఝాన్సీ ఉలిక్కిపడింది. గుండు గురి తప్పి వెనక అద్దం పగలగొట్టింది. మడిచిన సీట్ల మీదుగా దూకి ఆమె మణికట్టు విరిచి పట్టాడు. చేతిలో స్పీకర్ వైరు ఉంది, ఎదురుగా మెడ ఉంది. బిగించాలని ప్రాణం కొట్టుకుంది. కానీ జ్ఞానసుందరి అడిగింది పేరు. ఈ పేరు కోర్టులో అందరి ముందూ వినపడాలి. వైరుతో ఆమె చేతులు కట్టాడు.

చిప్ స్టీరియోలోనే దొరికింది, పాటల కార్డు పెట్టే చోట. మైక్‌లో అంతా విన్న జగన్నాధం మనుషులు ఝాన్సీని తీసుకుపోయారు. నౌపడలో మరో జట్టు, రైలు కదలబోతుండగా ఎర్ర గొడుగువాడి కాలర్ పట్టుకుంది.

పృథ్వీ ఫోన్ చేసి ఆ పేరు చెప్పాడు. జ్ఞానసుందరి రెండుసార్లు పలికి చూసుకుంది. “ఇంక తిట్టుకోడం నాను సూసుకుంటాను బాబూ,” అని పెట్టేసింది.

పొద్దున్నే సామాను కొనడానికి వెళ్ళిన మోహనకృష్ణ మధ్యాహ్నం తిరిగొచ్చి, కస్టమర్ లేని కారునీ, అద్దం లేని డిక్కీనీ చూసి నడుం మీద చేతులేసుకున్నాడు. “రొద తియ్యమంటే అద్దం తీసేసినావేట్రా? ఆవిడ మళ్ళీ మన షాపుకొస్తాదేటి?”

“ఇప్పట్లో రాదు గురూ,” అన్నాడు పృథ్వీ, గాజుముక్కలు ఊడుస్తూ.