మా నాన్న చెప్పమన్నారు

"దీనికి ఏ జబ్బూ లేదు. తీసుకెళ్లండి," అన్నాడతను, కౌంటరు అవతల ఉన్న మనిషి వంక చూడకుండానే.

కంప్యూటర్లు బాగుచేసే ఆ దుకాణంలో అతన్ని అందరూ డాక్టరు అంటారు. హస్తవాసి మంచిదని కాదు. వచ్చినవాళ్లు నోరు తెరవకముందే జబ్బు పేరు చెప్పేస్తాడని. దుకాణం నడిపే బాబాయి వెక్కిరింపుగా పెట్టిన పేరది. అతను మాత్రం దాన్ని బిరుదులా మోస్తున్నాడు.

కస్టమర్లంటే అతనికి మహా చులకన. ప్లగ్గు పెట్టకుండా కంప్యూటరు చచ్చిపోయిందని గోలపెట్టేవాళ్లను చూశాడు. కీబోర్డు నిండా టీ ఒలకబోసి, "మేమేం చేయలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అని ఒట్లు పెట్టేవాళ్లను చూశాడు. ఈ అమ్మాయి కూడా ఆ బాపతేనని అతని నమ్మకం.

ఆ అమ్మాయి కదల్లేదు. ఆమె మడిచి పట్టుకున్న గొడుగులోంచి వాననీళ్లు కారి నేలమీద చిన్న మడుగు కట్టాయి.

"పొద్దుటినుంచీ మీ బల్లమీద ఆడింది, సరే. మా ఇంట్లో పది నిమిషాలకే టప్పున ఆగిపోతోంది. దారిలో ఏమైనట్టు మరి?"

"మీ ఇంట్లో కరెంటు బాగాలేదేమో."

"అదే కరెంటుతో ఫ్రిజ్జు నడుస్తోంది, టీవీ నడుస్తోంది. పోయినవారం దీని లోపలి ఫ్యాను చప్పుడు చేస్తోందని తెస్తే మీరు విప్పి, దుమ్ము దులిపి ఇచ్చారు చూడండి, ఆ రోజునుంచే ఈ తంటా."

"అందరూ అదే అంటారు," అన్నాడు ఆవులింత ఆపుకోకుండా.

"లోడు పెరిగినప్పుడు పవర్ సప్లై తట్టుకోలేకపోతోందేమోనని నా అనుమానం."

అతను నవ్వాడు. మర్యాదకైనా దాచుకోకుండా నవ్వాడు. "వీడియోలు చూసి వచ్చారా?"

ఆ అమ్మాయి అతని మొహంలోకి ఒక్క క్షణం సూటిగా చూసింది.

"మా నాన్న అన్నారు."

"నాన్నగారా?" అతను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "అలా చెప్పరేం? ఆయన అన్నారంటే... సరే, చూద్దాం."

మీటరు బయటికి వచ్చింది. పవర్ సప్లై తీగలన్నీ ఒక్కొక్కటే కొలిచాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "లోపల వేడి కూడా చూశాను, మామూలుగానే ఉంది. నాన్నగారితో చెప్పండి," అని గౌరవంగా కంప్యూటరు క్యాబినెట్ అప్పగించాడు. ఆ అమ్మాయి పెదవి కొసన ఏదో కదిలింది. అది నవ్వో, ఇంకేదో అతనికి అర్థం కాలేదు.

మర్నాడు ఫోను.

"మళ్లీ ఆగిపోయింది. మా నాన్న మీకో మాట చెప్పమన్నారు."

"చెప్పండి."

"మీటరు పట్టుకున్న ప్రతివాడూ మెకానిక్ అయిపోడట. మా వీధి చివర పాత ఇనుము కొనేవాడి దగ్గర కూడా ఉందట ఒకటి."

డాక్టరుకి చెవులు వేడెక్కాయి. "మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పి, ర్యామ్ బయటికి తీసి, దాని అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టమనండి. ఒక్కోసారి అక్కడ మురికి పడుతుంది. అంత పెద్దాయనకి ఆమాత్రం తెలిసే ఉంటుందిలెండి."

సాయంత్రానికల్లా మళ్లీ ఫోను.

"రుద్ది చూశాం. ఏమీ కాలేదు. అదే రబ్బరు మీ బుర్రకి కూడా వాడి చూడమన్నారు మా నాన్న."

ఫోను పెట్టేసి, బల్లమీదున్న పెన్సిల్ రబ్బరుని సొరుగులోకి విసిరాడు.

"ఎవర్రా?" అన్నాడు బాబాయి.

"ఒక పెద్దాయన బాబాయ్. ఒళ్లంతా పొగరు."

"నీకంటేనా?" అని బాబాయి పేపరు తిప్పాడు.

అలా మొదలైంది. కేబుల్ మార్చి చూడమన్నాడు, మార్చారు. హార్డ్ డిస్క్ విప్పి చూడమన్నాడు, విప్పారు. ప్రతిదానికీ ఆ పెద్దాయన దగ్గర్నుంచి ఒక చురక తిరిగి వచ్చేది. ఇంకో రెండుసార్లు ఆ అమ్మాయే క్యాబినెట్ మోసుకొచ్చింది. దుకాణం బల్లమీద అది బుద్ధిగా రోజంతా ఆడింది. "మీ దుకాణంలో దానికి సిగ్గట. పరాయివాళ్ల ముందు రోగం బయటపెట్టుకోదట," అని నాన్నగారి కబురు.

డాక్టరు జవాబులు ముందే తయారుచేసి పెట్టుకోవడం నేర్చుకున్నాడు. స్నానం చేస్తూ కూడా ఆ పెద్దాయనతో మనసులో వాదించేవాడు. బుర్రమీసాలు, మడత నలగని చొక్కా, చేతికర్ర, ఎవర్నీ లెక్కచేయని చూపు అని బొమ్మ కూడా గీసుకున్నాడు. తీరా ఫోను మోగితే మాత్రం, తిట్లన్నీ ఆయనకి పంపించి, గొంతు తగ్గించి అమ్మాయితో వేరే మాటలు మాట్లాడేవాడు.

"ఆయనతో ఎలా వేగుతున్నారండీ మీరు?"

"అలవాటైపోయింది. మనసు మంచిదే."

"నోరే కాస్త..."

"నోరూ మంచిదేనట. వినేవాళ్ల చెవులే బాగుచేయించుకోవాలట."

"ఇది కూడా ఆయనే అన్నారా?"

"ఆయనే."

ఫోను మోగని రోజున బాబాయి మీద చిరాకు పడేవాడు. ఎందుకో తనకే తెలియలేదు. బాబాయికి తెలిసినట్టే ఉంది గానీ ఆయన పైకి అనలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఫోనులో ఆ గొంతు మామూలుగా లేదు.

"ఇది మా నాన్న చెప్పమన్నది కాదు. నేనే అంటున్నా. నేను పుస్తకాలకి కంప్యూటరులో పేజీలు అమర్చే పని చేస్తానని చెప్పాను కదా. ఉద్యోగం మానేసి సొంతంగా ఒప్పుకున్న మొదటి పుస్తకం ఇది. పిల్లల బొమ్మల పుస్తకం. బొమ్మ తెరవడం, కంప్యూటరు ఆగిపోవడం. ఎల్లుండికల్లా ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు ప్రెస్సువాళ్లు. నాకు భయంగా ఉంది."

అతను ఒక్క మాట కూడా వాదించలేదు. అడ్రసు అడిగి, సంచీ భుజాన వేసుకుని వానలోకి దిగాడు. "కస్టమరు ఇళ్లకి వెళ్లడం నామోషీ అనేవాడివి కదరా!" అని బాబాయి వెనకనుంచి అరిచాడు.

దారి పొడుగునా పెద్దాయనకి ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. తలుపు తెరుచుకుంది. సన్నగా పీలగా ఉన్న ఒక మనిషి, ముక్కు చివర కళ్లజోడు, మెడలో కొలతల టేపు.

"నమస్కారం. నాన్నగారున్నారా?"

"నేనే బాబూ. రా, రా, నిలువునా తడిసిపోయావు."

"మీరా?" డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "సార్, మీరు పవర్ సప్లై అన్నారు. నేను కాదన్నాను. ఇవాళ మీ అనుమానాలన్నీ తీర్చేస్తాను."

"అనుమానమా? నాకేం అనుమానం నాయనా? నేను దర్జీని. కుట్టుమిషను తప్ప ఇంకో మిషను సంగతి తెలీదు. మా అమ్మాయి కంప్యూటరుకి స్విచ్చి ఎక్కడుందో ఇవాళ్టికీ ఎరగను." ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఓహో, నువ్వేనా! ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా ఓపిగ్గా చెబుతావట. చాలా మర్యాద తెలిసిన అబ్బాయివని రోజూ అంటుంది. ఉండు, తువ్వాలు తెస్తా."

గది గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది.

"నా బుర్రని రబ్బరుతో రుద్దుకోమన్నదెవరు?" అన్నాడు అతను మెల్లగా.

"నేనే."

"పాత ఇనుము కొనేవాడు?"

"అదీ నేనే. అన్నీ నేనే." తలెత్తింది. ఆ కళ్లలో సిగ్గు పోయి, మొదటిరోజు కౌంటరు దగ్గర చూసిన చూపు వచ్చింది. "పవర్ సప్లై అని నేనంటే నవ్వారు. మా నాన్న అన్నారనేసరికి మీటరు తీశారు. మాట అదే, చెప్పిన నోరూ అదే. మీ మర్యాద మా నాన్నకే ఇస్తానంటే సరే, ఆయనతోనే మాట్లాడుకోండి అనుకున్నా."

ఇన్నాళ్లూ ఎవరితో పోట్లాడాడో, ఎవరి గొంతు కోసం ఫోను వైపు చూశాడో ఆ ఇద్దరూ ఒక్కరేనని అప్పుడతనికి తెలిసింది. నవ్వాలో, తల దించుకోవాలో తెలియక పనిలో పడ్డాడు.

ముందు గోడలో ప్లగ్గు కొలిచాడు. దానికేమీ లోటు లేదు. క్యాబినెట్‌ని నేలమీద పడుకోబెట్టి, పక్క రేకు విప్పి, ఆన్ చేశాడు. నాన్నగారు టీ తెచ్చారు. తాగడం అయింది. కంప్యూటరు ఆగలేదు. వాన వెలిసి మళ్లీ మొదలైంది. అయినా ఆగలేదు.

"వచ్చినవాళ్ల ముందు నాటకాలు," అంది ఆమె. దాన్ని బల్లమీద ఎప్పట్లా నిలబెట్టి పని మొదలుపెట్టింది. కాసేపటికి తెర నల్లబడింది.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"పడుకుంటే ఆడుతోంది, లేస్తే పోతోంది," అంది ఆమె.

"మా దుకాణంలో ఎప్పుడూ పడుకోబెట్టే చూస్తాం," అన్నాడతను.

లోపలికి చెయ్యి పెట్టి, ప్రాసెసర్ మీద ఉండి దాన్ని చల్లబరిచే కూలర్‌ని వేలితో తాకాడు. అది కదిలింది. బోర్డులో దిగి ఉండాల్సిన నాలుగు కాళ్లలో ఒకటి పైకి లేచి ఉంది. పడుకోబెట్టినప్పుడు కూలర్ తన బరువుతో ప్రాసెసర్‌ని ఆనుకుంటుంది. నిలబెడితే ఒకవైపు ఎడంగా జరుగుతుంది. ప్రాసెసర్ వేడెక్కి, కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. అంతే సంగతి.

ఆ కూలర్‌ని ఆఖరిసారి విప్పి బిగించింది అతనే.

చడీచప్పుడు లేకుండా ఆ కాలు నొక్కేసి, "వదులైంది, బిగించాను" అంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"తప్పు నాదే," అన్నాడు. "దుమ్ము దులిపినరోజు సరిగ్గా నొక్కలేదు. నేను ముట్టుకున్నాకే మొదలైందని మీరు ముందే చెప్పారు. నేను వినలేదు."

ప్రాసెసర్ మీద వేడి లాగే పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, కూలర్‌ని పెట్టి నాలుగు కాళ్లూ గట్టిగా నొక్కాడు. కంప్యూటరుని నిలబెట్టి ఆన్ చేస్తే ఈసారి ఆగలేదు.

"ఏమీ అనరా?" అన్నాడు సంచీ సర్దుకుంటూ.

"నేననాల్సింది మీరే అనేసుకున్నారు. ఇంక నాకేం మిగిల్చారు?" అంది ఆమె. కానీ గొంతులో ముల్లు లేదు. అదే అతనికి ఇబ్బందిగా తోచింది.

పుస్తకం అనుకున్న వేళకి ప్రెస్సుకి వెళ్లింది. "వెళ్లింది. థాంక్స్," అని ఒక మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఫోను మోగలేదు. మోగడానికి కారణం లేకుండా తనే బాగుచేసి వచ్చాడు మరి.

దుకాణంలో అతను కస్టమర్లు చెప్పేది చివరిదాకా వింటున్నాడు. నోరు మూసుకుని, తల ఊపుతూ.

"ఒంట్లో బాగాలేదేంట్రా?" అన్నాడు బాబాయి. "ఇందాక వచ్చినావిడ పావుగంట చెప్పింది, నువ్వు విన్నావు. నాకు భయమేసింది."

"నువ్వు తిడితే బాగుండదు బాబాయ్. నీకు రాదు."

"తిట్టడం వచ్చినవాళ్ల దగ్గరికే పోరాదూ, ఇక్కడ ఈగలు తోలే బదులు!"

ఆదివారం సన్నగా జల్లు పడుతుండగా అతను ఆ ఇంటి తలుపు తట్టాడు. దర్జీగారే తీశారు.

"మళ్లీ పాడైందా? అమ్మాయి చెప్పలేదే!"

"పాడవలేదు నాన్నా," అంటూ ఆమె వచ్చి, అతన్ని చూసి ఆగిపోయింది. "ఎవరూ పిలవలేదే మిమ్మల్ని?"

"లేదు. నాకే తోచడం లేదు. ఇన్నాళ్లూ పడ్డ తిట్లు ఒక్కసారిగా ఆగిపోయేసరికి..." తండ్రివైపు తిరిగాడు. "సార్, మీకు తెలియకుండా ఒకటి జరిగింది. మీ అమ్మాయి మీ పేరు చెప్పి నన్ను రోజూ తిట్టిపోసింది. అన్నీ నిజాలే. నాకు ఆ తిట్లు కావాలి. ఇకనుంచి మీ పేరు మీద కాదు, తన సొంత పేరు మీద. మీరు ఒప్పుకుంటే, ఆమె కూడా ఒప్పుకుంటే, ఎప్పటికీ."

దర్జీగారు కూతురివంక చూశారు. "నా పేరు మీద తిట్టావా?"

"ఊఁ."

"మరి నాతో అతను అంత ఓపికగలవాడు, ఇంత మర్యాదస్తుడు అన్నావే?"

"అది అబద్ధం నాన్నా." ఆమె గోడవైపు చూస్తూ అంది. "అలా ఉంటే బాగుండునని చెప్పాను."

దర్జీగారు కళ్లజోడు మీదుగా డాక్టరుని చూశారు.

"ఉన్నాడా మరి ఇప్పుడు?" అన్నారాయన.

"కొంచెం," అంది. తర్వాత అతనివంక చూసి, "ఫరవాలేదు. మిగతాది నేను చూసుకుంటా," అంది.

దర్జీగారు కళ్లజోడు సర్దుకుని డాక్టరు చుట్టూ ఒకసారి తిరిగారు. భుజం దగ్గర చొక్కా గుడ్డని రెండు వేళ్లతో, చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"ఎక్కడిదిది?"

"రెడీమేడ్ అండీ. ఇవాళ్టి కోసమే కొన్నాను."

"తెలుస్తూనే ఉంది. నీ భుజం ఒక ఊళ్లో, దీని కుట్టు ఒక ఊళ్లో. ఈ కాలరేమిటి, మెడకి అట్టముక్క కట్టినట్టు? దీన్ని కుట్టినవాడికి కళ్లు లేవనుకుందాం, కొన్నవాడికేమైంది? పిల్లనడగడానికి ఇది తొడుక్కుని వచ్చావు, పెళ్లికి గోనెసంచీలో వస్తావా?"

కూతురి నోరు ఎక్కడినుంచి వచ్చిందో డాక్టరుకి అప్పుడు అర్థమైంది.

"చేతులు చాపు," అన్నారాయన, మెడలోంచి టేపు తీసి. "అమ్మా, నేను చెబుతుంటే రాసుకో. పెళ్లి కోటు కాస్త వదులుగా కుడతాను. కుర్రాడు ముందు ముందు ఒళ్లు చేస్తాడు."

ఆమె కాగితం మీదినుంచి తలెత్తకుండా అంది:

"బిగుతుగానే కుట్టండి నాన్నా. తిట్లు తిని ఒళ్లు చేసినవాణ్ని నేనింతవరకూ చూడలేదు."