మైక్ ఎందుకు కావాలి?

"మైక్ ఎందుకు కావాలో కారణం రాయకపోతే మీ యాప్‌ని ఫోన్ సిస్టమే మూసేస్తుందండీ. రాశారా?"

అతని భుజం మీదుగా తొంగిచూసి అడిగింది సీనియర్. అప్పటిదాకా వెబ్‌సైట్లు తప్ప ఎరగని కొత్తబ్బాయి ఫోన్ యాప్‌లు మొదలుపెట్టి వారమే అయింది. నేర్పే పని ఆమెది. ఆమె దగ్గరికొస్తే అతనికి వచ్చిన నాలుగు ముక్కలూ మరుపున పడతాయి.

"రాస్తానండీ."

ఆమె అటు వెళ్ళగానే ఇతనికి చెయ్యి దురద పెట్టింది. కారణం రాయాల్సిన చోట 'మీ గొంతు రోజూ వినాలని ఉంది' అని కొట్టాడు. తర్వాత మారుద్దాంలే అనుకున్నాడు. ఇంతలో యాప్ తెర మీద మొదటిసారి ప్రాణం పోసుకుంది. ఆ సంబరంలో మారుద్దామన్న సంగతే మరిచాడు.

మధ్యాహ్నం డెమో. పాట సాధన చేసేవాళ్ళకోసం ఆఫీసు యజమాని ముచ్చటపడి చేయిస్తున్న యాప్ అది. ఆయన ఆమెకు సొంత బాబాయి. ఆమె తన ఫోన్‌లోనే యాప్ తెరిచింది. గోడ మీది పెద్ద తెరలో అందరూ చూస్తున్నారు.

మైక్ వాడుకోనిస్తారా అని అడుగుతూ ఒక పెట్టె వచ్చింది. అందులో అతని వాక్యం, అక్షరం పొల్లుపోకుండా.

ఎవరో కిసుక్కుమన్నారు. బాబాయి కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు.

"ఎవరి గొంతు నాయనా?"

కొత్తబ్బాయికి తల కొట్టేసినట్టయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. 'వద్దు' నొక్కేసి ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె టేబుల్ దగ్గర నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"సారీ అండీ. మిమ్మల్ని నవ్వులపాలు చేశాను. అది తీసేసి 'సాధన రికార్డు చేయడానికి' అని రాశాను."

"ఇప్పుడు మార్చి ఏం లాభం? ఒకసారి వద్దన్నాక యాప్‌ని మళ్ళీ అడగనివ్వదు ఈ సిస్టమ్."

"నేనూ అడగనండీ."

"రాసినందుకు కాదు నా కోపం. నాకు చెప్పాల్సింది ఊరందరికీ చూపించినందుకు."

ఆ మాటతో అతనికి మొహం చెల్లలేదు. ఇంటికెళ్ళినా అన్నం సయించలేదు.

మర్నాడు ఆమె వచ్చి తన ఫోన్ అతని ముందు పెట్టింది. సెట్టింగ్స్‌లో అతని యాప్ పేరు, దాని పక్కన మైక్ ఆన్‌లో ఉంది.

"అడగడం యాప్ వల్ల కాదు. కానీ ఫోన్ నాది కదా, నేనే వెళ్ళి ఆన్ చేశాను. పనిచేస్తోందో లేదో వినండి."

యాప్ తెరిచి, అందులో ఉన్న రికార్డింగ్ మీద ప్లే నొక్కాడు. ఆమె గొంతే.

"నిన్నటి వాక్యం ఇంకోసారి చెప్పండి. ఈసారి నాకొక్కదానికే."

సిగ్గుతో చచ్చిపోతూనే, తలెత్తి చెప్పాడు.