అరవై రోజుల సంతోషం

సాయంత్రం ఆరు గంటలకు హైమవతి దేవుడి గదిలో దీపం వెలిగించి, రెండు అగరొత్తులు గుచ్చి, హాల్లోకి వచ్చింది. చెవి వెనుక రూపాయి బిళ్లంత పలకను అంటించుకుంది. ఇక రెండు గంటలపాటు ఆమె తనకిష్టమైన పనులు చేస్తూ సంతోషంగా ఉండాలి. ఒప్పందంలో అలాగే రాసి ఉంది.

కిటికీ అవతల, నీట మునిగిన పాత బీచి రోడ్డు మీదుగా వేసిన వంతెనపై జనం షికారు చేస్తున్నారు. 2079వ సంవత్సరం విశాఖపట్నంలో సముద్రగాలికి మాత్రం మార్పు రాలేదు. గోడ మీద జపాన్ బొమ్మల కథ, అనిమే, మొదలైంది. కార్ల పందేల కథ. పందెం కార్లంటే హైమవతికి యాభై రెండేళ్లుగా గిట్టదు. అయినా కథానాయకుడి కారు టైరు పేలిపోగానే ఆమె పకపకా నవ్వింది.

వంటింట్లో దోసకాయ తరుగుతున్న భర్త భాస్కరం కత్తిపీట వదిలి వచ్చాడు. ఆయన ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కర్మాగారంలో చేసి రిటైరయ్యాడు.

"ఏటి హైమా, టైరు పేలితే నవ్వొచ్చిందా నీకు?"

"వచ్చిందండీ. మీకు రాలేదా?"

"పాపం వాడు ఏడుస్తన్నాడు కదే! నిన్న కుక్కపిల్ల తప్పిపోయిన కథ చూసి ఆవులించావు. ఈరోజు ఇదీ. ఒంట్లో బాగుందా?"

హైమవతి చెవి వెనుక పలకను వేలితో చూపించి, కళ్లతోనే గదమాయించింది. భాస్కరం నాలుక కరుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

హైమవతి జపనీస్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేస్తుంది. అప్పటికి పాతికేళ్లుగా లోకంలోని అనువాదాలన్నీ యంత్రాలే చేస్తున్నాయి. ఉత్తరాలు, తీర్పులు, మందుల కాగితాలు, అన్నీ. తప్పులుండేవి కావు. కానీ కథల దగ్గరకు వచ్చేసరికి చదివేవాళ్లు నవ్వాల్సిన చోట నవ్వడం లేదు. అందుకని వీడియో గేములకు, అనిమేలకు, నవలలకు మాత్రం ఇంకా కొద్దిమంది మనుషులు మిగిలారు.

ఆ కొద్దిమందినీ గమనించి డాక్టర్ సాల్మన్ రాజు ఒక యంత్రం తయారుచేశాడు. తెరచాప అనువాద సంస్థలో ఆయన ప్రధాన శాస్త్రవేత్త. అనువాదకులు తమ పరిచయ పత్రాల్లో చివరి వరుసలో ఏదో రాయాలి కాబట్టి "అభిరుచులు: గేములు, అనిమే, చదువుకోవడం" అని రాసేవారు. ఎవరూ పట్టించుకోని ఆ వరుస దగ్గరే సాల్మన్ రాజు ఆగాడు.

"మనిషి పని చేసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడండి. ఆడుకునేటప్పుడే తన లోపలిది బయటపెడతాడు. యంత్రాలకి ఇన్నాళ్లూ మీ పని నేర్పాం. నేర్పాల్సింది మీ సరదా," అన్నాడు మొదటి రోజున.

ఆ యంత్రం పేరు రసగ్రాహి. ఇంజనీర్లు టేస్ట్ మోడల్ అంటారు. చెవి వెనుక పలక నాడి వేగాన్ని, ఊపిరిని, చర్మం మీది సన్నని తేమను పట్టుకుంటుంది. మనిషి ఏ వాక్యం దగ్గర కరిగాడో, ఎక్కడ విసుగుపడ్డాడో, ఏ పేజీని రెండోసారి చదివాడో రసగ్రాహికి చేరుతుంది. ఆ రుచితో అది అనువదిస్తుంది.

హైమవతి సంతోషంగానే ఒప్పుకుంది. ఆమె పని పద్ధతే అలాంటిది. గేము అనువాదానికి వచ్చేటప్పుడు బొమ్మలుండవు. పట్టికలో వరుసగా మాటలు మాత్రం వస్తాయి. ఎవరు ఎవరితో అన్నారో, ఏడుస్తూ అన్నారో ఎగతాళిగా అన్నారో తెలియదు. అందుకే ఆమె అంతకుముందు భాగాలన్నీ కలం పట్టకుండా, ఏ తొందరా లేకుండా, కేవలం ఆటగా ఆడేది. ఆ మనుషులు ఇంట్లో తిరిగేవాళ్లలా అయ్యాకే అనువాదానికి కూర్చునేది.

పద్దెనిమిదేళ్లుగా ఆమె 'లాంతర్ల రేవు' అనే గేమును అలాగే అనువదిస్తోంది. ఒక నది, ఒక రేవు, అక్కడ తోయో అనే ముసలమ్మ. పడవ ఎక్కే ప్రతి మనిషికీ ఆకులో చుట్టిన అన్నం ముద్ద ఇస్తుంది. ఏడు భాగాలు వచ్చాయి. ఎనిమిదోది చివరిది. అందులో తోయో రేవు విడిచి వెళ్లిపోతుందని అందరికీ తెలుసు. ఎలా వెళ్తుందో ఎవరికీ తెలియదు. ఆ వెళ్లడం తన చేతుల మీదుగా ఇంగ్లీషులోకి రావాలన్నది హైమవతి కోరిక. దేవుడి ముందు ఆమె ఇంకేమీ అడగడం మానేసి చాలా కాలమైంది.

మొదటి రెండు నెలలు ఆమె హాయిగా ఆడింది. పాత భాగాలు మళ్లీ ఆడి తోయో మాటలకు నవ్వింది. కుక్కపిల్ల కథలు చూసి కళ్లు తుడుచుకుంది. ఒక నవలను మూడుసార్లు చదివింది. అరవై ఒకటో రోజు ఉదయం, ఎందుకో ఒప్పందం మళ్లీ తీసి చూసింది. పద్నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: ఆరు నెలల తరువాత అనువాదకురాలూ, రసగ్రాహీ ఒకే ఘట్టాన్ని అనువదిస్తారు. ఏది మనిషి చేసిందో తెలియకుండా తొమ్మిదిమంది పాఠకులు చదువుతారు. వాళ్లు దేన్ని ఎంచుకుంటే ఎనిమిదో భాగం దానిదే.

"నా రుచి నాలోంచి తోడి, దానికి పోసి, దాంతో నన్నే ఓడిస్తారట," అంది భాస్కరంతో. అప్పుడు చెవి వెనుక పలక లేదు. అయినా గొంతు తగ్గించింది.

"మానెయ్ అయితే."

"మానేస్తే ఆటే ఇవ్వరు. పోటీలో ఉండాలి. అది మాత్రం ఓడిపోవాలి."

"ఎలాగ?"

"అబద్ధం పెడతాను దానికి."

ఇలాంటి ఆలోచన అనువాదకులకే వస్తుంది. ఎవరో పడిన బాధను తన నోటితో పలకడం, తనకు లేని కోపాన్ని వాక్యంలో నింపడం ఆమెకు రోజూ ఉన్న పనే. పైగా పూజ ముందు చేసే ప్రాణాయామం వల్ల ఊపిరి ఆమె చెప్పినట్టు వింటుంది. కళ్లు చెమ్మగిల్లే చోట శ్వాసను చదును చేసింది. విసుగు పుట్టే చోట గుండెను పరుగెత్తించింది. మంచి నవలను మధ్యలో మూసేసి, తలాతోకా లేని నవలను ఆసాంతం చదివింది. దేవుడి కోసం నేర్చుకున్న ఊపిరిని ఇలా వాడవచ్చునా అన్న సందేహం ఒకటి రెండుసార్లు కలిగింది. తరువాత అదీ కలగలేదు.

రసగ్రాహి ఇంట్లో చిన్న స్పీకరులోంచి అప్పుడప్పుడు మాట్లాడేది.

"అమ్మా, ఈ పందెం కథ మీకు నచ్చినట్టుంది."

"చాలా."

"ఏది నచ్చింది?"

"వేగం."

"మంచిదమ్మా."

ఆ 'మంచిదమ్మా'లో ఏముందో అని హైమవతి గంటసేపు ఆలోచించేది. వెక్కిరింపా? ఊరికే అన్నదా? కొన్నాళ్లకు ఆమెకు అన్నింటిలోనూ ఏదో ఉన్నట్టు తోచసాగింది. సాల్మన్ రాజు ఫోను చేసి ఆరోగ్యం అడిగితే ఎందుకడిగాడని ఆలోచించింది. పక్కింటావిడ గిన్నెతో పులిహోర ప్రసాదం తెస్తే, ఏ అవసరం పడి తెచ్చిందోనని చూసింది. భాస్కరం కాఫీలో పంచదార తక్కువ వేస్తే, "డాక్టరు మీతో ఏమైనా చెప్పారా?" అంది.

"పంచదార గురించా?" అన్నాడు ఆయన అయోమయంగా.

ఆరు నెలలు నిండాయి. పోటీ ఘట్టం వచ్చింది. చివరి భాగంలోదే. కిను అనే పిల్ల ఒంటరిగా ఊరు విడిచి పడవ ఎక్కుతుంది. తోయో ఆమెకు అన్నం ముద్ద ఇస్తుంది. పదకొండు వాక్యాలు, అంతే. హైమవతి నాలుగు రోజులు శ్రమపడి వాటిని అనువదించి పంపింది. తప్పుడు సరుకు మేసిన యంత్రం ఏం రాస్తుందో తలుచుకుని లోలోపల నవ్వుకుంది.

తీర్పు రోజున తెరచాప సంస్థలో సాల్మన్ రాజు ఆమె ముందు రెండు కాగితాలు పెట్టాడు. వాటి మీద పేర్లు లేవు. ఆమె రాసినవాటిలో అర్థం అలాగే ఉంచి చాలా మాటలు ఎడిటరు సవరించాడట. అందుకని ఏది ఎవరిదో చూడగానే తెలియదు.

"పాఠకుల తీర్పు చెప్పేముందు మీరూ చదవండి. ఏది యంత్రం చేసిందో మీకు తెలుస్తుందేమో చూద్దాం. ఇదొక సరదా, అంతేనండి."

ఇంగ్లీషులో ఉన్న తోయో మాటలను మన భాషలో చెప్పుకుంటే, మొదటి కాగితంలో ఇలా ఉంది: "తీసుకో. అందరికీ ఇచ్చేదే నీకూ. తిన్నావో లేదో నాకు తెలుస్తుందిలే."

రెండో దానిలో ఇలా ఉంది: "ఇంకా వేడిగానే ఉంది. రేవు కనబడినంతసేపూ చేతిలో పట్టుకో. తరువాత తిను."

హైమవతి మొదటి కాగితాన్ని పక్కకు తోసేసింది.

"ఇదండీ మీ యంత్రం చేసింది. ఈ ముసల్ది ముద్ద ఇస్తోందా, వల వేస్తోందా? పద్దెనిమిదేళ్లు చూశాను తోయోని. ఆవిడ ఎవరి మీదా ఇలా కన్నేసి ఉంచదు. దీనికి మనిషి మీద నమ్మకమే లేదు."

సాల్మన్ రాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆయ్... అది మీదేనండి."

హైమవతి కాగితం మళ్లీ తీసుకుంది. సవరణలు తీసేసి చూస్తే, అవును, తన వాక్యాలే. నాలుగు రోజుల శ్రమ.

"పాఠకులు?"

"తొమ్మిదిమందీ రెండోదాన్నే ఎంచుకున్నారు. అదే మనిషి చేసిందన్నారు."

"అదెలా కుదురుతుంది? నేను దానికి..." అని ఆగిపోయింది.

"నాలుగు నెలలు అబద్ధం పెట్టారు. తెలుసండి. నిజమైన నవ్వులో ఊపిరి ముందు పోతుంది. మీరు ఊపిరి తీసుకుని మరీ నవ్వేవారు. మూడో నెలలోనే రసగ్రాహి కనిపెట్టింది. ఆపేద్దామా అని అడిగాను. అక్కర్లేదు, మొదటి అరవై రోజులు నిజమైనవే, అవి చాలు అంది. తరువాతవన్నీ పక్కన పెట్టేసింది. ఈ రెండో కాగితం ఆ అరవై రోజులతో రాసిందే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంకా తెలివిగా నటిస్తారేమోనని అనుమానమండి." ఆయన తల దించుకున్నాడు. "ఇంకో మాట. ఒప్పందంలో లేకపోయినా, నా మనసు ఊరుకోక, ఏడో భాగంలో మీరు నాలుగేళ్ల కిందట చేసిన పేజీని రసగ్రాహి చేసిన అదే పేజీ పక్కన పెట్టి, ఆ తొమ్మిదిమందికే ఇచ్చాను. ఏడుగురు మీదాన్నే ఎంచుకున్నారు."

"అంటే నేను ఊరికే ఉండి ఉంటే..."

సాల్మన్ రాజు సొరుగులోంచి ఒక పత్రం తీశాడు. అది అభ్యంతర పత్రం. తాను ఇచ్చిన అనుభూతులు నిజం కాదని అనువాదకురాలు సంతకం పెడితే పోటీ రద్దవుతుంది. ఆమె ఒక నెలపాటు పలక పెట్టుకుని నిజంగా ఉంటే, మళ్లీ పోటీ పెడతారు.

"పాత హైమవతి గారు వస్తే చాలు, ఆట మీదే. నెల రోజులు నటించకుండా ఉండగలరా? ఇప్పుడే మొదలుపెట్టినా సరే."

"ఎందుకు ఉండలేను?" అంది ఆమె. బల్ల మీది పలకను తీసుకుని చెవి వెనుక పెట్టుకుంది. సంతకానికి ముందు రసగ్రాహి అనువదించిన మిగతా వాక్యాలూ చూడాలనిపించింది. కలం పక్కన పెట్టి, మామూలు మనిషిలా చదవసాగింది.

పడవ కదులుతుంది. కిను వెనక్కి చూస్తుంది. తోయో చెయ్యి ఊపదు. పొయ్యి మీద ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్తుంది, తరువాతి పడవ మనుషుల కోసం. అంతే ఉంది అక్కడ. హైమవతికి తెలియకుండానే ఊపిరి వదులయింది. అక్షరాలు అలుక్కుపోయాయి. కన్నీటి చుక్క ఒకటి కాగితం మీద పడింది.

బల్ల మీది స్పీకరులోంచి రసగ్రాహి మెల్లగా అడిగింది.

"అమ్మా, ఇక్కడ మీకు దుఃఖం కలిగింది కదా. నిజమని రాసుకోనా?"

హైమవతి చటుక్కున కొంగుతో కళ్లు అద్దుకుంది.

"అబ్బే, ఏంలేదు. కంట్లో నలుసు పడింది."

సాల్మన్ రాజు కిటికీ వైపు తిరిగాడు. హైమవతి తన నోటి మాటను తానే వింటున్నదానిలా కూర్చుంది. ఎందుకలా అన్నది? ఆ నిజం చెబితే పోయేదేముంది? ఇక్కడున్నవాళ్లలో తనకు కీడు తలపెట్టినవాళ్లు ఎవరు? వెతికి చూసుకుంది. ఎవరూ కనబడలేదు. అయినా నోరు ముందే తలుపు వేసుకుంది.

అభ్యంతర పత్రాన్ని సంతకం లేకుండానే డాక్టరు వైపు జరిపింది.

"అలా ఎందుకమ్మా, నెల రోజులు ప్రయత్నిస్తే..." అన్నాడు సాల్మన్ రాజు.

"తోయోని నేను పంపించలేనండీ. పిల్ల చేతిలో ముద్ద పెట్టి, తిందో లేదోనని చూస్తూ నిలబడతాను." స్పీకరు వైపు తిరిగింది. "చివరి భాగం నువ్వే మొదలుపెట్టు."

స్పీకరులోంచి రసగ్రాహి గొంతు వినిపించింది.

"ఈ మాట నిజమే అమ్మా. రాసుకుంటున్నాను."