ఎర్రావు దూడకు కాపలా

మా కొండ మీద ఖరీఫ్ వానాకాలం అంటే మూడు నెలలు సూర్యుడు చచ్చి ఊరుకున్నట్టే. సముద్రం మీంచి లేచిన పొగమంచు కొండెక్కి కూర్చుంటుంది. ఎంత చిక్కటిదంటే, ఒకసారి గిన్నెలో పాలనుకుని మంచు తాగేశాను. రుచిలో పెద్ద తేడా తెలియలేదు. నమ్మకపోతే మానండి, ఈ తుఫూల్ ముసలిది అబద్ధాలకోరని ఇప్పటికే సగం జిల్లాకు తెలుసు. కానీ ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నేను కలిపింది చాలా తక్కువ.

అప్పటికి నాకు నలభై దాటలేదు. గుండ్రటి రాతి ఇల్లు, పైన గడ్డి కప్పు. లోపల సగం మాది, సగం ఆవులది. పిడకల పొగ, ఆవులకు పెట్టే ఎండు చేపల కంపు, పాలు పితికే ముందు పొదుగు కింద వేసే సాంబ్రాణి వాసన... ఈ మూడూ కలిస్తేనే నాకు నిద్ర పట్టేది.

ఆ ఏడు మాత్రం పట్టలేదు. చుట్టుపక్కల దూడలు మాయమవుతున్నాయి. నెత్తురు లేదు, ఎముక లేదు. తాడు మాత్రం ముడి విప్పకుండా అక్కడే పడి ఉంటుంది. దుమ్ములగొండి అన్నారు మగాళ్ళు. దాని వీపు మీద ఒక మంత్రగత్తె స్వారీ చేస్తుంది, అది చెప్పరేం అన్నారు ఆడాళ్ళు.

మాకు పాలిచ్చేది ఎర్రావు ఒక్కటే. దూడ కళ్ళముందు ఉంటేనే చేపుతుంది. లేకపోతే చుక్క రాలదు. దూడ పోతే పాలు పోయాయి, పాలు పోతే వెన్న పోయింది, ఇక మేం రాళ్ళు నాకి బతకాలి. అందుకే మా ఆయన మహాద్ ఒక ముసలి ఆవును కిందికి తోలుకెళ్ళి, సలాలా పట్నం బజారులో దానికి బదులు ఒక తుపాకీ తెచ్చాడు. ఇంగ్లీషు సిపాయిలు రెండు యుద్ధాల్లో వాడి వాడి వదిలేసినది. మా అత్తకన్నా బరువు, ఆవిడకన్నా మొండి.

చీకటి పడకముందే మంచు ఇంట్లోకి వచ్చేసింది. గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెట్టాం. దూడను మా వెనక, పొయ్యి పక్కన కట్టేశాం. లాంతరు ముందు పెట్టుకుని మహాద్ తూటాలు నింపాడు. తూటాను గొట్టంలోకి నెట్టే బోల్టు వెనక్కి లాగాడు. ముందుకు తోశాడు. సగం దూరం వెళ్ళి ఆగిపోయింది.

మళ్ళీ లాగాడు. మళ్ళీ ఆగింది.

"అంత మెల్లగా తోస్తే ఎలా? పెళ్ళికూతుర్ని ముట్టుకున్నట్టు ముట్టుకుంటున్నావేం?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకుంటే అదే వెళ్తుంది."

నేను నోరు మూసుకున్నాను. అది వెళ్ళలేదు. తూటా ముక్కు పైకి లేచి గొట్టం అంచుకు గుద్దుకుని నిలబడింది. దాన్ని పీకేసరికి మహాద్ బొటనవేలి గోరు చీలింది. తన సొంత వంశంలో ఏడు తరాల వరకూ అందర్నీ తిట్టాడు. అందులో నేను ఎరిగినవాళ్ళే నలుగురున్నారు.

తుపాకీ కింద తూటాలు నింపే పెట్టె ఊడదీసి లోపల వేలు పెట్టాను. జిగటగా తగిలింది.

"ఇందులో ఏం పూశావయ్యా?"

"వెన్న."

మా కొండమనిషికి అన్నిటికీ వెన్నే. కాలిన చేతికి వెన్న, పుట్టిన బిడ్డకు వెన్న, కిర్రుమనే తలుపుకు వెన్న. ఆ పెట్టెలో ఆయన పోసినదానితో ఒక పెళ్ళి భోజనం పెట్టొచ్చు. అదంతా మసితో, ఇసుకతో కలిసి బంకయిపోయి, తూటాల్ని పైకి లేపాల్సిన పలకను పట్టేసుకుంది.

"నూనె దొరకలేదా?"

"నూనె కన్నా వెన్న మేలు కదే."

లాంతరులోంచి కిరసనాయిలు ఒంపి పెట్టె కడిగాను. దాంతో దీపం వత్తి కుంగిపోయింది. స్ప్రింగు ఆడింది, పలక ఎగిరింది. సంతోషంగా తూటాలు నింపాం. బోల్టు తోశాడు.

ఆగిపోయింది.

మహాద్ తుపాకీని మోకాళ్ళ మీద పెట్టుకుని, మూగదాన్ని చూసినట్టు చూశాడు. సరిగ్గా అప్పుడే ముళ్ళకంప అవతలి నుంచి గొంతు వినిపించింది.

"మహాద్... తుపాకీ పనిచేస్తోందా?"

పక్క వాలులో ఉండే నసీబ్ గొంతు. విసుగులో ఉన్న మా ఆయన తలైనా ఎత్తలేదు.

"ఎక్కడ, నసీబూ. తూటా ఎక్కట్లేదు. ఇరుక్కుంటోంది."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

బయట ఎవరో నవ్వారు. సన్నగా... గొంతులో నీళ్ళు పోసుకుని నవ్వినట్టు.

నేను మహాద్ మోచేయి పట్టుకున్నాను. "నసీబ్ చేపల కోసం ఒంటెలతో కిందికి వెళ్ళి నాలుగు రోజులైంది" అన్నాను గుసగుసగా.

ఆయన అప్పుడు తలెత్తి కంపవైపు చూశాడు.

కంప కదిలింది. కుళ్ళిన తోలు వాసన లోపలికి వచ్చింది. ఎర్రావు ఒక్కసారి గుర్రుమని ఊపిరి వదిలి, తర్వాత చడీచప్పుడూ లేకుండా అయిపోయింది.

"తియ్యి" అన్నాను. "అన్నీ తీసెయ్యి. మళ్ళీ పెడదాం."

తూటాలన్నీ ఒళ్ళో పోసుకున్నాం. వత్తి చివర మిణుగురంత వెలుగు. ఆ వెలుగులో ఒక తూటా పైన ఇంకోటి పెట్టి చూశాను. ఒక్కోదానికి అడుగున చుట్టూ అంచు ఉంది. పైదాని అంచు కిందిదాని అంచుకు వెనక పడితే, పైది కదలగానే కిందిదాన్ని పట్టుకుంటుంది. రెండూ ఇరుక్కుంటాయి. ఇంతసేపూ మా ప్రాణం తీసింది ఇదే.

"పైదాని అంచు ముందుకు... ప్రతిదీ... కిందిదాని కన్నా ముందుకు."

ఒకటి. దాని ముందు ఇంకోటి. కంపలోంచి పొడుగాటి ఊపిరి. ఇంకోటి. నా మెడ మీద ఏదో తడిగా రాసుకుంది. దూడ మూతి అనుకుని వెనక్కి చూడకుండానే తోసేశాను. ఇంకోటి...

మహాద్ బోల్టు తోశాడు. వెన్న రాసినంత మెత్తగా వెళ్ళిపోయింది.

కంప మధ్య రెండు కళ్ళు. వాటి పైన, మనిషంత ఎత్తులో, ఇంకో రెండు.

పేల్చాడు.

చెవుల్లో గంటలు మోగాయి. ఇల్లంతా పొగ. ఒక దాని వెనక ఒకటి, ఆగకుండా, తూటాలన్నీ అయిపోయేదాకా పేల్చాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు. తర్వాత వింటే కప్పు మీంచి కారే నీటి చుక్కలు తప్ప ఏమీ లేదు.

"పోయింది" అన్నాడు. ఏడుస్తూ నవ్వాడు. నేనూ నవ్వాను. లాంతరు ఎత్తి వెనక్కి తిరిగాను.

దూడ ఉంది. కట్టిన చోటే, కట్టిన ముడితోనే ఉంది. పొయ్యి పక్కనే ఉన్నా దాని వెంట్రుకల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"సెగకు చెమట పట్టిందిలే" అన్నాడు మహాద్.

ఎర్రావు మాత్రం తాడు తెగేలా లాగి, అవతలి గోడకు అతుక్కుపోయి నిలబడి ఉంది.

తెల్లారి దూడను పొదుగు దగ్గరకు వదిలాను. ఎర్రావు తన్నింది. మళ్ళీ వదిలాను, కొమ్ములతో పొడవబోయింది. సాంబ్రాణి వేశాను, పాట పాడాను, కాళ్ళావేళ్ళా పడ్డాను. చుక్క పాలు రాలలేదు. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే.

సాయంత్రం కాగానే ఎర్రావు గుమ్మం దగ్గరకు వెళ్ళి, మంచులోకి చూసి పిలిచేది. కింది లోయలోంచి ఒక దూడ బదులు పలికేది. ఆ గొంతు నాకు తెలుసు. మా దూడ పుట్టిన నాటి నుంచీ విన్న గొంతు.

ఇంట్లో కట్టేసి ఉన్నది మాత్రం ఒక్కసారీ అరవలేదు. గడ్డి ముట్టలేదు. నా మొహం వంకే చూస్తూ పడుకునేది. ఒక సాయంత్రం మహాద్‌తో ఏదో చెబుతూ దానివైపు చూశాను. నేను మాట్లాడుతున్నంతసేపూ దాని పెదాలు నాతో పాటే, చప్పుడు లేకుండా కదులుతున్నాయి.