పుష్పావతి పెట్టె తాడు

2003 జూన్ 17. ఉదయం 8:20.

హెబ్బగోడిలో పదడుగుల అద్దెగది. రేకు పెట్టెలోంచి పోయింది ఒకే ఒక్క కాగితం. పుష్పావతి పదో తరగతి మార్కుల కార్డు.

ఎస్సై జ్ఞానప్రకాశానికి పొద్దున్నే నీరసం వచ్చింది. కాగితానికి కూడా కంప్లయింటా! కానీ కంప్లయింట్ ఇచ్చిన సమీనా వదిలేలా లేదు. పుష్పావతితో గది పంచుకుంటున్న ఫ్యాక్టరీ అమ్మాయి.

"రేపే కోర్టు సార్. దీనికి పదారేళ్ళని ఆ కార్డులోనే ఉండాది. పద్దెనిమిది నిండలేదంటే వాళ్ళ నాయన పోషించాల్సిందే. ఆయప్పేమో పంతొమ్మిది అంటా ఉండాడు."

తండ్రి మునినారాయణప్ప లారీ డ్రైవర్. ఊరు దొడ్డబళ్ళాపురం. కూతుర్ని చదువు మాన్పించి మగ్గాల షెడ్డుకి పంపాడు. మూడు నెలల క్రితం ఆమె ఇల్లు వదిలింది. కోర్టు పోషణ ఇప్పిస్తేనే కాలేజీ. లేకపోతే మళ్ళీ షెడ్డే.

"ఎప్పుడు పోయింది?"

"నిన్న. పదికీ ఆరుకీ మధ్య. నేను డ్యూటీలో, ఇది కాలేజీ అప్లికేషన్ కోసం లైన్లో."

"తాళం?"

"పగల్లేదు. చెవి కిటికీలోనే పెడతాం."

"నీకెవరి మీద అనుమానం?" పుష్పావతిని అడిగాడు.

"ఎవురి మీదా లేదు సార్. నేనే పారేసుకునుంటా."

ఆమె తల ఎత్తలేదు. పెట్టెకు కట్టే తాడును చేతికి చుట్టుకుని కూర్చుంది. పాత నూలు తాడు. మధ్యలో తెగితే ఎవరో అతికారు. చిన్న ముడి. కొసలు కొరికేసి ఉన్నాయి. జ్ఞానప్రకాశం తాడు అడిగి తీసుకున్నాడు.

మధ్యాహ్నం 2:40. దొడ్డబళ్ళాపురం.

"నిన్నంతా హొసూరులో లోడు దించుతా ఉన్నా. చీటీ చూడప్పా," అన్నాడు మునినారాయణప్ప. "ఇల్లు వదిలి పోయినదానికి నేనేంటికి పెట్టల్ల?"

"కన్నావు కాబట్టి. ఇల్లు వదిలితే నీ బాధ్యత వదలదు."

చీటీ నిజమైనదే. ఆయన భార్య, పుష్పావతి తల్లి సొన్నమ్మ మగ్గాల షెడ్డులో ఉంది. మగ్గం మీద పోగు తెగింది. ఆమె చూడకుండానే అతికింది. కొసలు పంటితో కొరికింది. జ్ఞానప్రకాశానికి పట్టలేనంత దిగులేసింది. ఏమీ అడగకుండా తిరిగొచ్చాడు.

మర్నాడు ఉదయం 10:05. కోర్టు వరండా. నలుగురూ ఉన్నారు.

జ్ఞానప్రకాశం తాడు తీశాడు. "పెట్టె తెరుస్తుంటే ఇది తెగింది. మామూలు దొంగ అలాగే వదిలేసి పోతాడు. తెగింది కనిపిస్తే అతకనిదే ఊరుకోని చేతులు కొన్నే ఉంటాయి. కార్డు ఇచ్చెయ్ సొన్నమ్మా."

సొన్నమ్మ సంచిలోంచి కార్డు తీసింది.

"కోర్టు నోటీసులో అడ్రసు ఉండె. అది పట్టుకుని పోయినా. కోర్టు ఇప్పిస్తే బిడ్డ ఇంగ ఇంటికి రాదు సామీ. ఆకలైతే వస్తాది అనుకున్నా."

కేసు తేలినా అతనికి సంతోషం లేదు. పుష్పావతి వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసు కదూ?"

"ముడి చూస్తానే తెలిసింది సార్. మూన్నెల్లకి అమ్మ వచ్చింది. ఆ పొద్దే నేను లేను."

ఆమె ఏడ్చేసింది. సొన్నమ్మ కార్డు కూతురి చేతిలో పెట్టింది.

బంట్రోతు పేరు పిలిచాడు.

"పంతొమ్మిదని చెప్పు," అన్నాడు మునినారాయణప్ప పెళ్ళాంతో.

"పదారే. కన్నది నేను," అంది సొన్నమ్మ. కూతురి వెనకే లోపలికి నడిచింది.