వెనక టైరు

పోలీసు యాక్షన్ అయిపోయి నెల దాటింది. సికింద్రాబాద్ స్టేషన్ వెనక సందులో నాకు మోటారుసైకిళ్ల రిపేరు దుకాణం ఉండేది. ఒక సాయంత్రం గుత్తేదారు మధుసూదన్ ఒక బండిని నడిపించుకుంటూ వచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. గొడవల్లో కనబడకుండా పోయిన నా దోస్తు ఫకీర్‌ది.

"కొనుక్కున్న," అన్నాడు, నేను అడగకముందే. "వెనక టైరు మార్పించిన కాడినుంచి ఒకటే వణుకుడు. జెర చూడు, సదాశివా."

చక్రం ఎత్తి తిప్పాను. టైరు రిమ్ములో సరిగ్గా కూర్చుంది. చక్రం పుల్లలు బిగువుగా ఉన్నాయి. నట్లూ గట్టిగానే ఉన్నాయి. బేగంపేట దాకా పోయివచ్చాను. ఎక్కడా చిన్న అదురు కూడా లేదు.

"మీరు ఎక్కి చూపెట్టుండ్రి."

ఎక్కాడు. పది గజాలు పోయాడో లేదో బండి గజగజలాడింది. పక్కనే పరుగెత్తుతూ చూశాను. చక్రం ఊగడం లేదు. వెనక సీటు ఊగుతోంది. ఖాళీ సీటు... స్ప్రింగులు మాత్రం అణిగి ఉన్నాయి.

బండి ఆపించి, సీటు మీద చెయ్యి పెట్టాను.

తడి. చల్లదనం. బావి అడుగు బురద వాసన.

భయం కంటే ముందు కోపం వచ్చింది.

"బండిల ఖరాబు లేదు," గుసగుసగా అన్నాను. "ఫకీర్‌ను ఏం చేసినవ్?"

అతని మొహం పాలిపోయింది. "నోర్ముయ్. దుకాణం మూయిస్తా."

"మూయించుకో. బండి మాత్రం గీడనే ఉంటది. వాని పెండ్లానికి అప్పజెప్త."

నన్ను తోసేసి మౌలాలి తొవ్వ పట్టాడు. ఆ అదురు చప్పుడు మలుపు దాకా వినిపించింది. తర్వాత... ఏమీ లేదు.

తెల్లారి వెతుక్కుంటూ పోతే, మౌలాలి గుట్ట కింద, పాడుబావి గట్టున బండి దొరికింది. స్టాండు మీద నిలబడి ఉంది. ఇంజను వేడిగా ఉంది. మధుసూదన్ లేడు.

"ముట్టకు బిడ్డా," అంది గడ్డి కోస్తున్న లచ్చమ్మ. "రాత్రంతా గా బండి ఒక్కటే తిరిగింది."

"ముట్టుకుంటనమ్మా. ఇది నా దోస్తుది."

కిక్కు కొట్టాను. బండి బరువుగా కదిలింది, కానీ వణకలేదు. మల్కాజ్‌గిరిలో ఫకీర్ ఇంటి ముందు ఆపాను. అతని భార్య అజ్మతున్నీసా తలుపు తెరిచింది.

"బండి తెచ్చిన, భాబీ."

"ఆయనేడి?"

దిగి, బండిని గోడకు ఆనించాను. నేను దిగినా వెనక టైరు నేలకు అణిగే ఉంది. చూస్తుండగానే... మెల్లగా పైకి లేచింది. ఎవరో దిగినట్టు.

అజ్మతున్నీసా తలమీద కొంగు సర్దుకుని, గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

నేను ఊపిరి వదిలాను.

అప్పుడు ఆ టైరు... ఇంకాస్త లేచింది, వెనకే ఇంకొకరు దిగినట్టు.